తఖ్తా మీద దాదీ

చిట్కుల్‌లో ఎవరైనా దుబాయి పోతున్నారంటే పెద్దగా పట్టించుకునేవాళ్ళు లేరు. పోతారు, వస్తారు, ఇంటిమీద ఇంకో అంతస్తు లేస్తుంది. తస్లీమ్ పోతున్నది దుబాయికి కాదనీ, జీతం కోసం అసలే కాదనీ తెలిసేసరికి మాత్రం గల్లీ మొత్తానికి తిన్నది అరగలేదు. యుగాండా అట, ఆఫ్రికాలో ఉందట. యుద్ధాలకు భయపడి దేశం దాటి వచ్చినవాళ్ళు అక్కడ గుడిసెల్లో ఉంటారట. వాళ్ళ కాన్పుల వార్డులో రెండేళ్ళు సేవ చేస్తుందట. తిండీ, ఉండటానికి గదీ ఇస్తారట, అంతే. "మరి నీకేం మిగుల్తది?" అని అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పీ చెప్పీ తస్లీమ్ విసిగిపోయి, ఆఖరికి నవ్వి ఊరుకోవడం నేర్చుకుంది.

ఆమెకు ముప్పై దాటాయి. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ డిస్పెన్సరీలో నర్సు. కాన్పులు చేయడం చదువుకుంది కానీ, అక్కడ చేసేది బీపీ చూడటం, యాసిడ్ చింది వచ్చినవాళ్ళ కళ్ళు కడగడం, కాలినచోట మందు రాయడం. కాన్పు చేసి ఎన్నేళ్ళయిందో తలచుకుంటే ఆమెకు తనమీద తనకే చిరాకేసేది. అందుకే సేవాసంస్థ వాళ్ళు రమ్మన్నప్పుడు ఎగిరి గంతేసింది.

ఇంట్లో కూడా పెద్ద గొడవేం కాలేదు. అన్న వసీమ్ నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు, తర్వాత తానే పటాన్‌చెరు పోయి పెద్ద సూట్‌కేసు తెచ్చి మంచం మీద పెట్టాడు. వదిన మాహిరా దోమతెర కొంది, నిమ్మకాయ పచ్చడి పెట్టింది. తస్లీమ్ హైదరాబాద్ పోయి ఎల్లో ఫీవర్ సూది వేయించుకొచ్చింది. అడ్డం పడ్డది ఒక్క దాదీయే, వాళ్ళ నాయనమ్మ. ఆమె అడ్డం పడిన తీరు కూడా ఆమెలాగే ఉంది.

"పో బిడ్డా, ఎవలొద్దన్నరు? గని నీ జాగాల ఒకరిని నిలబెట్టి పో."

నర్సు ఉద్యోగం సంగతి కాదు దాదీ అన్నది. చనిపోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించే పని సంగతి. గుస్ల్ అంటారు దాన్ని. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు చేయించాలి. మగవాళ్ళకు ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఏడవడానికి గదినిండా జనముంటారు కానీ చెంబు పట్టుకోమంటే ఒక్కరూ ఉండరు. దాదీ ఖాతూన్ బీ పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో మొదలుపెట్టి, మోకాళ్ళు అరిగేదాకా ఆ పని చేసింది. తర్వాత తస్లీమ్ అందుకుంది. డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు గోడకు తగిలించి, చాయ్ కూడా తాగకుండా పోయిన సందర్భాలున్నాయి. ఇస్నాపూర్ నుంచి కూడా ఆమె కోసమే కబురు వచ్చేది.

ఇంకో మాట ఉంది. అది దాదీ అనలేదు, తస్లీమ్ కూడా పైకి అనలేదు. దాదీకి ఎనభై దగ్గర పడ్డాయి. తల్లీ తండ్రీ లేని పిల్లను ఎత్తుకుని పెంచిన మనిషి. ఈ రెండేళ్ళలో ఆమెకే ఏమన్నా అయితే, ఆమె ఒంటిమీద నీళ్ళు పోసేదెవరు? ఎవరూ రాక, ఆమెను గదిలో అలాగే ఉంచి ఇంటింటికీ తిరుగుతారా? సూట్‌కేసులో బట్టలు సర్దిన ప్రతిసారీ ఆ ఆలోచన వచ్చేది, సర్దిన బట్టలు మళ్ళీ బయటకు వచ్చేవి. మంచం మీద ఆ సూట్‌కేసు ఎన్నిసార్లు నిండిందో అన్నిసార్లు ఖాళీ అయింది.

మనిషి కోసం వెతుకులాట మొదలైంది. గల్లీలో ఒకామెకు బీపీ. ఒకామెకు షుగర్. ఇంకొకామె భర్త ఒప్పుకోడట, ఆమె ఎప్పుడు ఏ పని ఆయన్ని అడిగి చేసిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఒకామె సరేనంది కానీ, తెల్లారేసరికి కలలో వాళ్ళ అత్త కనబడిందని తలుపు తీయలేదు. ఇంట్లో ఉన్న మాహిరాను అడిగితే, "నాకు బల్లిని చూస్తేనే పానం పోతది తస్లీమ్, నన్నిడ్సిపెట్టు," అని చేతులు జోడించింది.

నీళ్ళ ట్యాంకు వెనక కిరాయి గదుల్లో కూడా ముస్లిం కుటుంబాలున్నాయి. బీహార్ నుంచీ, జార్ఖండ్ నుంచీ కంపెనీల్లో పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళను అడుగుదామని ఎవరికీ తట్టలేదు. ఒకసారి మాహిరా ఆ మాటెత్తితే దాదీయే కొట్టిపారేసింది. "గాళ్ళు ఇయ్యాల ఉంటరు, రేపు గది ఖాళీ చేస్తరు. గాళ్ళకు నేర్పి ఏం ఫాయిదా?"

ప్రయాణం దగ్గరపడ్డకొద్దీ తస్లీమ్‌కు అన్నం సయించడం మానేసింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఆ కంపెనీ బుద్ధి.

కంపెనీలో అప్పుడప్పుడు మాక్ డ్రిల్ చేస్తారు. ఎక్కడో గ్యాస్ లీకైందని అనుకుంటారు. సైరన్ మోగుతుంది, ఎవరో ఒక హెల్పర్ స్పృహ తప్పినట్టు పడిపోతాడు, అతన్ని స్ట్రెచర్ మీద డిస్పెన్సరీకి మోసుకొస్తారు, తస్లీమ్ ఉత్త ఆక్సిజన్ మాస్కు పెడుతుంది. రెండు మూడుసార్లు చేసేసరికి నిజం ప్రమాదమప్పుడు చేతులు వణకవు. గుస్ల్ కూడా అలాగే నేర్పితే? భయం తెలియనితనం వల్ల వస్తుంది, చేసి చూపిస్తే పోతుంది అనుకుంది తస్లీమ్. ఆలోచన మంచిదే. కాకపోతే డ్రిల్లుకు ముందు కంపెనీ వాళ్ళు "ఇది డ్రిల్లు మాత్రమే" అని మైకులో చెప్తారు. పిల్ల ఆ ముక్క ఒక్కటే మరిచిపోయింది.

ఆదివారం పొద్దున మసీదుకు పోయి, అజాన్ ఇచ్చే మౌజన్ ముస్తఫా సాబ్‌ను తఖ్తా అడిగింది. తఖ్తా అంటే శవానికి స్నానం చేయించే చెక్కబల్ల. ఊరందరికీ అదొక్కటే, మసీదు వెనక గోడకు ఆనించి ఉంటుంది. అది గడప దాటిందంటే ఎవరో పోయారని అర్థం. ప్రాక్టీసుకని విని ముస్తఫా సాబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా ఉమ్మర్‌ల గిసుంటిది ఇనలే. సరే తీస్కపో. జల్దీ తెచ్చిపెట్టు, ఎప్పుడేం అవసరం పడ్తదో."

ఆటో ట్రాలీలో తఖ్తా ఇంటికొచ్చింది. వాకిట్లో వేశారు. తస్లీమ్ బతిమాలితే గల్లీలోంచి ఇద్దరాడవాళ్ళు చూడ్డానికి మాత్రమే అని ఒట్టు పెట్టించుకుని వచ్చారు. మాహిరా స్తంభం వెనక నిలబడింది. బకెట్టు, చెంబు, తెల్ల దుప్పటి, చేతికి చుట్టుకునే గుడ్డ అన్నీ తయారుగా ఉన్నాయి. నీళ్ళు మాత్రం పోయరు, పోసినట్టు చేస్తారు.

"ఎవలన్న పండుకోండ్రి," అంది తస్లీమ్.

ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బతికున్న మనిషి తఖ్తా ఎక్కడమా? ఒకామె అప్పుడే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. మాహిరా స్తంభం వెనక ఇంకా లోపలికి జరిగింది.

కుర్చీలో కూర్చున్న దాదీ చేతికర్ర అందుకుంది. "జరుగుండ్రి, నేను పండుకుంట."

"దాదీ, నువ్వొద్దు," అంది తస్లీమ్.

"ఎందుకొద్దు? దీనిమీద ఎంతమందిని పండబెట్టిన నేను, దీని గట్టితనమేందో నాకు తెల్వొద్దా? ఎట్లయిన ఎక్కేదే. ఇయ్యాల పానంతోని ఎక్కుత."

తస్లీమ్, మాహిరా చెరో రెక్క పట్టుకుని పడుకోబెట్టారు. దాదీ కాసేపు అటూ ఇటూ కదిలి, "తలకాడ సొట్ట ఉంది, ముస్తఫాకు చెప్పుండ్రి," అంది. దుప్పటి కప్పుతుంటే మెడదాకా చాలంది. ఈగలు ముసురుతుంటే మళ్ళీ తానే, "మూతిమీద గూడ కప్పు," అంది.

తస్లీమ్ నేర్పడం మొదలుపెట్టింది. నీళ్ళు వేడిగా ఉండొద్దు, చల్లగా ఉండొద్దు, పసిపిల్లకు పోసేటట్టుండాలి. రేగాకు వేసి కాచాలి. దుప్పటి తీయొద్దు, దాని కిందనుంచే కడగాలి. కుడివైపు ముందు. కడుపు మీద మెల్లగా నొక్కాలి, గట్టిగా కాదు, ఆ మనిషికి ఇంకా నొప్పి తెలుస్తుందనుకునే చేయాలి. ఆఖరున కర్పూరం నీళ్ళు. అక్కడ కంటితో చూసిందేదైనా నోటితో బయట చెప్పకూడదు. చెప్తూ చెప్తూ ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని దాదీ భుజం మీద చేయి వేసింది. ఎముక చేతికి తగిలింది. ఈ పని ఎంతమందికో చేసిన చేయి అక్కడే ఆగిపోయింది. దుప్పటి కింద ఉన్నది తన దాదీ అని తస్లీమ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. పైకి మాత్రం, "గిప్పుడు ఎడమ పక్కకు తిప్పాలె," అంది.

మొదట్లో "మెల్లగ", "గట్ల గాదు" అంటున్న దాదీ మాట ఆపి చాలాసేపయింది. ఎండ ముదరని పూట, మెత్తటి చేతులు ఒళ్ళు నిమురుతున్నాయి. ఆమె హాయిగా నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడు పక్కింటి పుష్పమ్మ కరివేపాకు ఇద్దామని గేటు దగ్గరికి వచ్చింది. గేటు సందులోంచి ఆమెకు కనబడింది ఏమిటంటే, వాకిట్లో తఖ్తా, దానిమీద తల నుంచి కాళ్ళదాకా తెల్లదుప్పటి, చుట్టూ తలమీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటున్న తస్లీమ్. ఇంక చూడటానికేముంది? కరివేపాకు గేటు దగ్గరే పడేసి, నోట్లో కొంగు కుక్కుకుని ఇంటికి పరుగెత్తింది. ఆమె భర్త ఎల్లయ్య నిదానస్తుడు, నలుగురూ మాట వినే మనిషి. ఇటువంటి సమయంలో ఏం చేయాలో తెలిసినవాడు కాబట్టి అన్నీ సక్రమంగా చేశాడు. ముందు కంపెనీలో షిఫ్టులో ఉన్న వసీమ్‌కు ఫోను చేశాడు. తర్వాత కండువా సర్దుకుని మసీదుకు నడిచాడు.

ముస్తఫా సాబ్‌కు ప్రాక్టీసు సంగతి తెలుసు కదా అని మీరడగొచ్చు. తెలుసు. తెలిసే నమ్మాడు. ఎల్లయ్యలాంటి మనిషి తడి కళ్ళతో వచ్చి చెప్తుంటే, ప్రాక్టీసుకని పడుకున్న ముసలామె నిజంగానే కన్నుమూసిందనుకున్నాడు. అల్లా లీల అనుకుని మైకు దగ్గరికి పోయాడు.

వాకిట్లో తస్లీమ్ కర్పూరం గురించి చెప్తుండగా మసీదు మైకు గరగరమంది. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. "చిట్కుల్ గ్రామ ప్రజలకు తెలియజేయునది. నీళ్ళ ట్యాంకు గల్లీల ఉండే ఖాతూన్ బీ గారు ఇంతఖాల్ అయిండ్రు, చనిపోయిండ్రు. జనాజా నమాజు టైమ్ తర్వాత చెప్తం."

చెంబు పట్టుకున్నామె చేతిలోంచి చెంబు జారింది. అంతా ఒక్కసారి దుప్పటి వంక చూశారు. తస్లీమ్ వంగి దుప్పటి తొలగించింది.

దాదీ కళ్ళు తెరిచింది. "ఎవల పేరు చెప్పిండు గాడు?"

"నీదే దాదీ."

"టైం గూడ చెప్పలే," అంది దాదీ. లేవబోయి, లేవలేక, "పట్టుండ్రి నన్ను. చాయ్ పెట్టుండ్రి. గిప్పుడు ఊరంత వస్తది," అంది.

ఊరంతా నిజంగానే వచ్చింది. అందరికన్నా ముందు పుష్పమ్మ శోకాలు పెడుతూ గేటు తోసుకుని వచ్చి, తఖ్తా మీద కూర్చుని సాసర్లో చాయ్ ఊదుకుంటున్న ఖాతూన్ బీని చూసి నోరు తెరిచి నిలబడిపోయింది. తర్వాత అందుకుంది తిట్లు.

"నీ అసుంటిది ఈ లోకంల ఉంటదా అక్కా? నా పానం సగం పోయింది. ఏడ్చిన ఏడ్పంత దండుగైపాయె."

"నిజంగ పోయిన్నాడు మల్ల ఏడుస్తవు తియ్యి."

"ఇగ ఏడ్వ. అయిపోయింది నా వంతు."

ఎల్లయ్య గేటు బయటే ఆగి, కండువాతో మొహం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటికి పోయాడు. వసీమ్ యూనిఫాం మీదే, సేఫ్టీ బూట్లతోనే బండి మీద వచ్చిపడ్డాడు. దాదీని చూసి అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి, "మా కంపెనీల మాక్ డ్రిల్ అంటే ముందే చెప్తరు," అని మాత్రం అన్నాడు. అని, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. మాహిరా మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. మసీదు మైకులో ముస్తఫా సాబ్ తప్పు దిద్దుకుంటూ, ఖాతూన్ బీ గారు అల్లా దయవల్ల క్షేమంగా ఉన్నారని చెప్తుంటే వాకిట్లో జనం నవ్వారు. ఏడ్చి వచ్చినవాళ్ళ నవ్వు అది, ఒకంతట ఆగలేదు.

తస్లీమ్ నవ్వలేకపోయింది. నేర్చుకుందామని వచ్చిన ఇద్దరూ మైకు మోగగానే పారిపోయారు, ఇంక వాళ్ళు రారు. ప్రయాణం ఈ వారంలోనే. దొరకలేదు మనిషి. సంస్థకు ఫోన్ చేసి రాలేనని చెప్పేద్దామా అనుకుంటూ ఒక మూల నిలబడింది.

జనం మధ్యలోంచి ఒకామె లోపలికి వచ్చింది. చేతిలో కొత్త తెల్లబట్ట, కర్పూరం పొట్లం. నమాజుకు ముందు చేసినట్టు వజూ చేసుకుని వచ్చిందేమో, మోచేతుల దాకా తడిగా ఉంది. ఎవరి మొహమూ చూడకుండా సూటిగా తస్లీమ్ దగ్గరికి వచ్చింది. ట్యాంకు వెనక కిరాయి గదుల్లో ఉండే గుల్‌నాజ్. బీహార్ మనిషే అయినా ఇక్కడి మాటలే నేర్చింది. మసీదు వాళ్ళు రెండోసారి మైకులో చెప్పింది ఆమె దారిలో విననట్టుంది.

"బాజీ, నువ్వు పక్కకు కూసో," అంది. "నీ దాదీకి నువ్వు చేయొద్దు. నీతోని కాదు. నేను చేస్త."

తస్లీమ్‌కు ఆమె అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వానాకాలం, గుల్‌నాజ్ కాన్పు కోసమని ఊరినుంచి వచ్చిన తల్లి, ఆ కిరాయి గదిలోనే చనిపోయింది. వాళ్ళవాళ్ళంటూ ఇక్కడ ఎవరూ లేరు. ముస్తఫా సాబ్ కబురు పంపితే తస్లీమ్ డ్యూటీ దిగి పోయింది. పట్టుకోవడానికి ఇంకో ఆడమనిషి లేక, కూతురి చేతనే నీళ్ళు పోయించింది. పచ్చి బాలింత, ఏడుస్తూనే చెంబు చెంబుకూ ఆగి, తల్లి చెవిలో ఏదో చెప్తూ పోసింది.

"గప్పుడు నువ్వు చేసింది నేనంత చూసిన. యాదుంది," అంది గుల్‌నాజ్. "తెల్వనిది ఉంటే తలుపు బయట కూసొని చెప్పు. నేను చేస్త."

"భయమైతలేదా నీకు?" అని వెనకనుంచి వినబడింది.

గుల్‌నాజ్ తిరిగి చూసింది. తఖ్తా మీద శవం చాయ్ తాగుతోంది. ఆమె చేతిలోని కర్పూరం పొట్లం నేలమీద పడింది. పడినదాన్ని తీసుకోవడానికి వంగి, అలాగే నేలమీద కూర్చుండిపోయి, నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే మొహానికి దుపట్టా అడ్డం పెట్టుకుంది. ఎవరో సంగతి చెప్పారు. దాదీ మాత్రం వదల్లేదు.

"అడిగిన దానికి చెప్పు. భయమైతలేదా?"

"అయితుంది దాదీ. గని రాకుంటే ఎట్ల? మా అమ్మీకి నీ మనవరాలు వచ్చింది గద."

దాదీ సాసరు పక్కన పెట్టింది. "మీరు కిరాయోళ్ళు. రేపు కంపెనీ తీసేస్తే బిస్తరు సర్దుకుని పోతరు. గప్పుడు?"

గుల్‌నాజ్ కళ్ళు తుడుచుకుంది. ఆ మాటకు ఆమెకు కోపమొచ్చినట్టే ఉంది. "ఎక్కడికి పోతం దాదీ? మా అమ్మీ మీ ఖబరస్తాన్‌ల ఉంది. గామెను ఇడ్సిపెట్టి ఏ ఊరు పోత?"

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరి ముందూ తలవంచని దాదీ తలవంచి, "తప్పు నాదే బేటీ. అడుగనీకె నీ గదికి నేనే రావాల్సుండె," అంది.

జనం మెల్లగా జారుకున్నారు. వసీమ్ డ్యూటీకి తిరిగి పోయాడు. పుష్పమ్మ పోతూ పోతూ గేటు దగ్గరి కరివేపాకు ఏరి మాహిరా చేతిలో పెట్టింది. దాదీ గుల్‌నాజ్‌ను దగ్గరికి పిలిచి ఆమె చేతులు తిప్పి తిప్పి చూసింది, గోళ్ళు చూసింది, తన భుజం పట్టుకోమని చెప్పి పట్టు చూసింది.

"నీకన్న మెత్తగుంది ఈ పిల్ల చెయ్యి," అంది తస్లీమ్‌తో.

తస్లీమ్‌కు చురుక్కుమంది. ఇన్నేళ్ళు చేసిన తనకన్నా నిన్నమొన్నటి మనిషి చేయి మెత్తనా? ఆ చురుకుతో పాటే గుండెలమీదనుంచి ఏదో దిగిపోయింది. ఎన్ని రోజులుగా మోస్తోందో దాన్ని. దాదీకి మనిషి దొరికింది. తాను లేకపోయినా దాదీ ఒంటిమీద పడే నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి. తఖ్తా అంచు పట్టుకుని కూర్చుని, ఇంక ఆపుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. బాధతో కాదు. అది ఆమెకూ తెలుసు, దాదీకీ తెలుసు.

దాదీ ఆమె తలమీద చేయి వేసి ఏడవనిచ్చింది. ఏడుపు తగ్గాక అంది.

"ఇగ ఇను. నేను పోతే నీకు ఫోన్ చేస్తరు. ఏడ్వు. ఏడ్చినంక మొకం కడుక్కొని మల్ల వార్డుల పో. గాడ కాన్పుకు వచ్చిన పిల్ల నీ కోసం చూస్తుంటది. ఉరికి ఇటు రావొద్దు. నువ్వొచ్చేదాంక నన్ను ఐస్ డబ్బల పెట్టొద్దు. నాకు చలి తట్టుకోరాదు."

తస్లీమ్ దాదీ చేయి పట్టుకుంది.

"రానని చెప్పు."

గుల్‌నాజ్ తల పక్కకు తిప్పుకుంది. మాహిరా స్తంభం దగ్గరనుంచి ముందుకు వచ్చి తస్లీమ్ భుజం పట్టుకుంది. ఆ ఒక్క మాట అనడానికి తస్లీమ్‌కు ప్రయాణమంత సేపు పట్టింది.

"రాను దాదీ," అంది.

దాదీ ఆమె చెంపమీద మెల్లగా ఒకటి తట్టింది. మాహిరా సాయంతో తఖ్తా మీద మళ్ళీ వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, గుల్‌నాజ్ వైపు చూసింది.

"ఇగ కానియ్ బేటీ. కుడిదిక్కు నుంచి. నేను కండ్లు మూసుకుంట."